నడుమ ఆడేవాడు

మదనపల్లె మార్కెట్టులో టమోటా క్రేట్లు లారీకెక్కించడం చూసే ఉంటారు. వరుసలో నడుమ మనిషి అందుకుంటాడు, అందిస్తాడు. ఏ క్రేటూ ఆయన చేతిలో ఆగదు. ఆయన లేకుంటే లారీ నిండదు.

ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డర్ పనీ అదే. అందుకోవడం, అందించడం.

హైదరాబాద్ సిటీ పోలీసు జట్టులో నూర్ మహమ్మద్ ఆడింది ఆ నడుమ చోటులోనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానం సాధించింది. నూర్ ఆ ఒలింపిక్ జట్టులో ఉన్నారు. ఆస్ట్రేలియాపై మూడు గోల్స్ కొట్టిన నెవిల్ డిసౌజాను ఇప్పటికీ తలుచుకుంటాం. తలుచుకోవాల్సిందే. నూర్ పేరు మాత్రం మనలో ఎందరం విన్నాం? నాకది బాధగా ఉంటుంది.

పెద్దతిప్పసముద్రం లాంటి ఊళ్లో పిల్లలు బంతాడుతుంటే కాసేపు నిలబడండి. అందుకుని అందించే పిల్లాడికీ చప్పట్లు కొట్టండి.