ఓటమి ఎవరిది?

తెలుగు పలుకుబడిలో 'మేము' అనుటకును 'మనము' అనుటకును నడుమ ఒక సూక్ష్మమైన భేదము కలదు. వినువానిని కలుపుకొన్నచో మనము, విడిచినచో మేము. ఈ భేదము మనకు చిన్ననాటనే, ఎవరును నేర్పకయే, అలవడుచున్నది. కాని ఎవరిని కలుపుకొనవలెను, ఎవరిని ఎప్పుడు విడువవలెను అను ప్రశ్న వ్యాకరణముతో తీరునది కాదు. అది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న. దేశములు దేశములతో ఆడు ఫుట్‌బాల్ పోటీల చరిత్రలో అది కన్నులకు కట్టినట్లు కానవచ్చును. జట్టు గెలిచిన నాడు వీథిలోని ప్రతివాడును "మనము గెలిచితిమి" అనును. ఓడిన నాడు అదే నోరు "వాడు ఓడగొట్టినాడు" అనును. ఒక్క పూటలో 'మనము' నుండి ఒకడు వెలివేయబడును. ఈ వెలి న్యాయమా యని విచారించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

మొదట ఒక చిన్న లెక్క. 1930లో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో తొలి ప్రపంచ కప్పు పోటీలు జరిగినప్పుడు వచ్చిన జట్లు 13. 2022లో ఖతార్‌లో ఆడినవి 32. ఎన్ని జట్లు వచ్చినను కప్పు ఒక్కటే. అనగా ఒక్క జట్టు మురియుటకు ముప్పదియొక్క జట్లు రిక్తహస్తములతో ఇంటికి మరలవలెను. ఓడువాడు లేనిదే గెలుచువానికి గెలుపు లేదు. ఆట యొక్క నిర్మాణములోనే యున్న ఈ ఓటమి నేరమెట్లగును? కాదని అందరును ఒప్పుకొందురు. ఒప్పుకొనియు శిక్ష విధించుచునే వచ్చిరి.

1950లో నాల్గవ ప్రపంచ కప్పు పోటీలు బ్రెజిల్ దేశములో జరిగెను. వానికొరకై రియో నగరములో మరకానా అను మహాక్రీడాంగణమును నిర్మించిరి. చివరి వరుసలో బ్రెజిల్ జట్టు స్వీడన్‌ను 7–1 తోను, స్పెయిన్‌ను 6–1 తోను ఓడించెను. జూలై 16వ తేదీన ఉరుగ్వేతో ఆడవలసిన ఆటలో సమానముగా నిలిచినను కప్పు వారిదే. ఆట ఆరంభము కాకమునుపే ఒక పత్రిక బ్రెజిల్ జట్టు చిత్రమును ప్రపంచ విజేతలని ప్రకటించెను. నగరాధ్యక్షుడు వారిని విజేతలుగనే సంబోధించి ఉపన్యసించెను. టిక్కెట్టు కొని వచ్చినవారే 1,73,000 మందికి పైగా నుండిరి. రెండవ భాగమున ఫ్రియాసా బ్రెజిల్‌కు తొలి గోలు చేసెను. తరువాత ఉరుగ్వే ఆటగాడు గిజియా కుడివైపునుండి దూసుకొని వచ్చి బంతిని లోపలికి అందింపగా స్కియాఫినో గోలు చేసి సమము చేసెను. 79వ నిమిషమున గిజియా మరల అదే దారిని వచ్చెను. బ్రెజిల్ గోల్ కీపరు మోయసీర్ బార్బోజా, ముందటివలెనే బంతి లోపలికి వచ్చునని తలచి, ఒక్క అడుగు ముందునకు జరిగెను. గిజియా లోపలికి అందింపలేదు. గోల్ కీపరునకును దగ్గరి స్తంభమునకును నడుమనున్న ఇరుకు సందులో బంతిని కొట్టెను. ఉరుగ్వే 2–1 తో గెలిచెను.

చదువరులు ఆ ఒక్క అడుగును గూర్చి ఆలోచింపవలెను. బార్బోజా ఏమరి యుండలేదు, భయపడలేదు, అమ్ముడుపోలేదు. కొద్ది నిమిషముల క్రితము కన్నులారా చూచినదానిని బట్టి యుక్తియుక్తమైన నిర్ణయము చేసికొనెను. గిజియా మొదటివలెనే బంతిని లోపలికి అందించి యుండినచో, అదే అడుగు బార్బోజా దూరదృష్టికి తార్కాణమై యుండెడిది. అడుగు ఒక్కటే, దానికి కీర్తియో అపకీర్తియో అను పేరు పెట్టినది మరియొకని కాలు. మనుష్యుని తన సంకల్పమునకును ప్రయత్నమునకును బాధ్యునిగా ఎంచవలెనా, తన చేతిలో లేని ఫలమునకు గూడ ఎంచవలెనా అను చిరకాలపు ప్రశ్న ఈ ఒక్క అడుగులో ఇమిడియున్నది. బ్రెజిల్ ప్రజలు ఫలమునకే బాధ్యునిగా ఎంచిరి. బార్బోజాతో పాటు రక్షకులైన బిగోడే, జువెనాల్ అను వారును నింద మోసిరి. ముగ్గురును నల్లజాతివారగుట యాదృచ్ఛికమని మేము అనుకొనజాలము. వెలివేయవలసి వచ్చినప్పుడు సంఘము ముందే అంచున నిలిపియుంచిన వారినే వెదకికొనును.

బార్బోజా అటుపిమ్మట దాదాపు ఏబది యేండ్లు జీవించెను. ఇరువదేండ్లు గడచిన తరువాత గూడ ఒక అంగడిలో ఒక స్త్రీ తనను చూపి, "బ్రెజిల్ నంతటిని ఏడిపించినవాడు ఇతడే" యని తన బిడ్డకు చెప్పెనని ఆయన చెప్పుకొనెడివాడు. బ్రెజిల్ చట్టములో గరిష్ఠ శిక్ష ముప్పదియేండ్లే గదా, చేయని నేరమునకు తాను ఏబదియేండ్లు అనుభవించితినని కూడ ఆయన వాపోయెను. 2000 ఏప్రిల్ 7న ఆయన మరణించెను. ఈ శిక్షను విధించిన న్యాయస్థానము లేదు. కావున దానిని రద్దుచేయగల న్యాయస్థానమును లేకపోయెను.

జ్ఞాపకము చేయు అన్యాయమునకు ఇంకొక దృష్టాంతము. 1994లో అమెరికాలో జరిగిన పోటీల అంతిమ క్రీడలో బ్రెజిల్, ఇటలీ జట్లు గోలు లేకుండ సమముగా నిలువగా పెనాల్టీలతో తీర్పు జరిగెను. ఇటలీ పక్షమున బరేసీ, మస్సారో, రొబెర్తో బాజ్జియో ముగ్గురును తప్పిరి. లోకమునకు జ్ఞాపకమున్నది బాజ్జియో ఒక్కడే. ఆయన గోలు చేసి యుండినను బ్రెజిల్‌కు ఇంకను ఒక్క అవకాశము మిగిలియే యుండెను. అసలు నైజీరియాపై రెండు, స్పెయిన్‌పై ఒకటి, బల్గేరియాపై రెండు గోలులు చేసి ఇటలీని అంతిమ క్రీడకు చేర్చినవాడు బాజ్జియోయే. త్రోవపొడుగున మోసినవాడు గుమ్మము దగ్గర కాలు జారినందున, మోసిన త్రోవ యంతయు మరుపున పడిపోయినది.

అదే పోటీలలో, అదే పాసడీనా నగరపు రోజ్ బౌల్ క్రీడాంగణములో, జూన్ 22న కొలంబియా అమెరికాతో ఆడెను. ఎదుటివారు లోపలికి పంపిన బంతిని అడ్డగింపబోయి కొలంబియా రక్షకుడు ఆంద్రేస్ ఎస్కొబార్ కాలు చాపెను. బంతి తన వారి గోలులోనికే పోయెను. కొలంబియా 2–1 తో ఓడి, పోటీలనుండి వైదొలగెను. ఎస్కొబార్ దాగికొనలేదు. స్వదేశమునకు మరలి, జీవితము ఇక్కడితో ముగియదని ఒక దినపత్రికలో వ్రాసెను. జూలై 2వ తేదీన మెడెలిన్ నగరములో ఆయనను కాల్చి చంపిరి. అప్పటికాయన వయస్సు 27 ఏండ్లు. ఓడినందులకు నిందించిన దేశమే కన్నీటితో ఆయన శవయాత్రకు తరలివచ్చెను. కాని మరణించిన తరువాత 'మనవాడు' అని కలుపుకొన్నందున మరణించినవానికి కలుగు లాభమేమి?

ఇట్టి క్రూరత్వము ఎచ్చటనుండి పుట్టుచున్నది? దీనికి సమాధానము మన ప్రాచీన కథలలోనే కలదు. పల్నాటి వీరుల చరిత్ర నెరుగని తెలుగువాడు అరుదు. కోడిపందెము వినోదముగనే మొదలయ్యెను. కాని ఓడినవారు ఏడేండ్లు నాడు విడిచి పోవలెనను ఒడంబడిక దానికి ముడివడెను. ఆ ముడి పడిన క్షణముననే ఆట చచ్చి పందెము పుట్టెను; కారెంపూడి రణరంగమునకు దారి ఏర్పడెను. భారతములోని ద్యూతమును ఇట్టిదే. ఆట యొక్క ఫలము ఆటలోనే ముగియును; పందెము యొక్క ఫలము ఆట వెలుపల జీవితమును కబళించును. ఒక దేశము తన గౌరవమునంతటిని పదునొకండుగురి కాళ్లమీద పణముగా ఒడ్డినప్పుడు, ఆ పదునొకండుగురు ఆటగాండ్రు కారు, పందెపు కోళ్లు. ఒడ్డినవారు ఒకరు, నెత్తురు కార్చువారు వేరొకరు.

దీనికి ఎదురు వాదము లేకపోలేదు. అభిమానమే లేనిచో ఆటకు రక్తి ఎక్కడిది? ప్రజల అభిమానము వలన కీర్తియు ధనమును పొందినవాడు నిందకును సిద్ధపడవలదా? ఈ వాదమును తేలికగా త్రోసిపుచ్చరాదు. ఆటగాని ఆటను విమర్శింపవచ్చును. నిలువవలసిన చోట నిలువలేదని చెప్పవచ్చును. వచ్చే పోటీకి మరియొకనిని ఎన్నుకొనవచ్చును. అది ఆట లోపలి తీర్పు. కాని అంగడిలో బిడ్డకు వేలు చూపి చెప్పుట ఆట లోపలిది కాదు. ఇక అభిమానము సంగతి. ఉమ్మడి కుటుంబములో ఆస్తికి వాటా అడుగువాడు అప్పునకును వాటా వహింపవలెనని మన పెద్దలు ఎరుగుదురు. ఆస్తి పంపకమునకు ముందు వరుసలో కూర్చుండి, అప్పుల పట్టీ చదువునప్పుడు లేచిపోవు దాయాదిని ఊరు మెచ్చదు. గెలుపులో వాటా తీసికొని ఓటమిని ఒక్కని నెత్తిన పెట్టు అభిమాని ఆ దాయాది వంటివాడు.

ఓటమిని నేరముగా గాక పాఠముగా ఎంచిన జ్ఞాపకము మనకును ఒకటి కలదు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో, పెక్కుమంది బూట్లు లేకయే ఆడిన భారత జట్టు, యుగోస్లావియా చేతిలో 10–1 తో ఓడెను. జట్టు శిక్షకుడు హైదరాబాదు వాడైన సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిచే ఉపాధ్యాయుడు. ఆ ఓటమి తరువాత మన ఆటగాండ్రకు బూట్లు తప్పనిసరియైనవి. నాలుగేండ్లకు అదే రహీం శిక్షణలో మెల్బోర్నుకు పోయిన జట్టు ఆస్ట్రేలియాను 4–2 తో ఓడించి, ఒలింపిక్స్ సెమీఫైనలు చేరెను. అక్కడ మరల యుగోస్లావియాయే ఎదురై 4–1 తో గెలిచెను. మూడవ స్థానమునకు జరిగిన ఆటలో బల్గేరియా 3–0 తో గెలిచెను. చివరి రెండు ఆటలును ఓడిన ఆ జట్టును మనము నేటికిని గర్వముతో తలచుకొనుచున్నాము. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో రహీం శిష్యులు బంగారు పతకము గెలిచిరి. మరుసటి యేడు ఆయన వ్యాధిచే కన్నుమూసెను. ఓటమి బరువు ఓటమిలో లేదు, ఓడినవానిని చూచు మన చూపులో ఉన్నది.

2014లో బ్రెజిల్ మరల తన దేశములోనే ప్రపంచ కప్పు పోటీలు జరిపెను. జూలై 8న సెమీఫైనలులో జర్మనీ చేతిలో 7–1 తో ఓడెను. శిక్షకుడు స్కొలారి బాధ్యత తనదేనని ముందునకు వచ్చి చెప్పెను. ఏడు గోలులకు ఒక్క గోల్ కీపరును నేరస్థుని చేయుట ఎవరికిని సాధ్యము కాలేదు. ఒక్క గోలు తేడాతో ఓడినప్పుడు బలికి మనిషి కావలసి వచ్చెను. ఆరు గోలుల తేడాతో ఓడినప్పుడు అక్కరలేకపోయెను. అనగా బలి లేకుండ ఓటమిని భరించు శక్తి ఆ ప్రజలకు ఉన్నదే. 1950లోను ఉండియే యుండవలెను.

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడ్చెననియు, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చెననియు మనలో ఒక సామెత కలదు. 1950 నాటి ఉరుగ్వే నాయకుడు ఓబ్దూలియో వరేలా యెడల అది మరియొక అర్థమున నిజమైనది. పగలు ఆ మహాజనసమ్మర్దమునకు జంకక తన జట్టును నడిపినవాడు, రాత్రి ఒంటరిగా రియో నగరపు పానశాలలకు పోయి, దుఃఖించుచున్న బ్రెజిల్ వారి నడుమ కూర్చుండెను. వారి శోకమును చూచి గెలిచినందులకే తనకు బాధ కలిగినదని తరువాతి కాలమున చెప్పెను. బార్బోజాను స్వదేశము 'మనము' నుండి తొలగించిన నాడు, ప్రతిపక్ష నాయకుడు ఓడినవారిని తన 'మనము'లో చేర్చుకొనెను.

ఆ ఓటమి తరువాత బ్రెజిల్ తన తెల్ల చొక్కాను గూడ అపశకునముగా ఎంచి విడిచెను. 1953లో ఒక పత్రిక కొత్త చొక్కా రచనకై పోటీ పెట్టగా, నెగ్గినవాడు ఆల్దిర్ గార్సియా ష్లీ అను పందొమ్మిదేండ్ల యువకుడు. నేడు లోకమంతయు గుర్తించు పసుపు చొక్కా అతని ఊహయే. అతని ఊరు జాగ్వరావ్, ఉరుగ్వే సరిహద్దున నున్నది. బ్రెజిల్‌కు చొక్కా నిచ్చిన ఆ మనిషి అభిమానము మాత్రము ఉరుగ్వే జట్టుమీదనే యుండెను. ఇందులో మనకు వింత తోచరాదు. బళ్లారిలోను, హోసూరులోను, బరంపురములోను, యానాములోను తరతరములుగా నివసించు తెలుగువారమైన మనకు రెండు 'మనము'లతో బ్రదుకుట అలవాటే. ఇంటిలో ఒక భాష, వీథిలో వేరొక భాష పలుకుచు, రెండింటి మేలును కోరువారము మనము. ఒక హద్దు లోపలివారే మనవారనుట ఎంత అసంపూర్ణమో మనకు పుస్తకములు చెప్పనక్కరలేదు.

కావున మా మనవి ఇంతయే. జట్టును ప్రేమింపవలదని మేము అనుటలేదు. ఓటమికి దుఃఖింపవలదనియు అనుటలేదు. దుఃఖము ఉమ్మడి సొత్తు. దానిని ఉమ్మడిగనే అనుభవింతము. మన పిల్లలు పాఠశాలల పోటీలలో ఆడి ఓడి వచ్చినప్పుడు, "ఎవడు తప్పినాడు?" అను ప్రశ్న మన నోట మొదట రాకుండుగాక. "మనము ఓడితిమి, రేపు మరల ఆడుదము" అని పెద్దలు పలికిన యింట పెరిగిన బిడ్డ, పెద్దవాడై ఏ క్రీడాంగణములో కూర్చున్నను, ఓడినవానికి వేలు చూపడు.