కరిగే నేల ఎవరి లెక్క?

కొలవడం కూడా ఒక అధికారమే. ఇంటిచాకిరీ దేశం లెక్కల్లోకి రాకపోవడం వెనక ఉన్న రాజకీయాన్ని గుర్తుపట్టిన మనం, ఉత్తర ధ్రువప్రాంతంలో కరుగుతున్న నేలను కొలిచే పనినీ అదే చూపుతో చూడాలి.

కనీసం రెండేళ్లు ఎడతెగకుండా గడ్డకట్టి ఉన్న నేలని పెర్మాఫ్రాస్ట్ అంటారు. వేసవిలో దాని మీది పొర కరుగుతుంది. ఎంత లోతుదాకా కరిగిందో తెలుసుకోవడానికి పరిశోధకులు సన్నని ఉక్కు కడ్డీని గట్టినేల తగిలేదాకా దించుతారు. ఏటా అదే చోట, వేసవి చివర, బురదలో నిలబడి చేసే పని ఇది. ఈ కొలతలను ఒకచోట చేర్చే అంతర్జాతీయ కార్యక్రమం 1991లో మొదలైంది. దీని అవసరం చిన్నదేం కాదు. వాతావరణంలో ఉన్నదానికి దాదాపు రెండింతల కార్బన్ ఈ నేలల్లో ఉంది.

అలాస్కా ఉత్తర కొసన ఉట్కియాగ్విక్‌లో ఇనుపియాట్ కుటుంబాలు అదే నేలను తవ్వి, తిమింగిలం మాంసం దాచుకునే గదులు చేసుకున్నాయి. గదిలో నీరు ఊరితే నేల సంగతి ఆ ఇంటివాళ్లకు తెలిసిపోతుంది. కానీ కడ్డీ చెప్పింది 'డేటా' అవుతుంది, వాళ్లు చెప్పింది 'అనుభవం' దగ్గరే ఆగిపోతుంది. ఏ జ్ఞానమైనా ఎక్కడో ఒకచోట నిలబడి చూసిందేనని డోనా హారవే 1988లోనే వాదించింది. కడ్డీ పట్టుకున్న చేతికీ అది వర్తిస్తుంది.

అలాగని కొలతను తోసిపుచ్చితే న్యాయం జరుగుతుందా? 2005లో ఇన్యూట్ నాయకురాలు షీలా వాట్-క్లూటియే మరో 62 మందితో కలిసి అమెరికా ప్రభుత్వం మీద అంతర్ అమెరికా మానవహక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. అందులో వేటగాళ్ల, పెద్దల మాటలూ ఉన్నాయి, శాస్త్రవేత్తల నివేదికలూ ఉన్నాయి. కమిషన్ 2006లో దాన్ని చేపట్టలేదు, 2007లో సాక్ష్యాలు మాత్రం విన్నది. అక్కడిదాకా వెళ్లడానికి రెండు రకాల ఎరుకా కావలసి వచ్చింది.

నన్ను కలవరపెట్టేది వేరే. నేల కరిగితే పరిశోధకురాలికి ఒక వ్యాసం దక్కుతుంది, అక్కడివాళ్లకు ఇల్లు ఒరుగుతుంది. అలాస్కాలోని న్యూటాక్ గ్రామస్తులు 2019 నుంచి మెర్టార్విక్‌కు తరలిపోవలసి వచ్చింది. ఒకరి నష్టం మరొకరి ఫలితమైనప్పుడు కృతజ్ఞతల పేజీలో ఊరిపేరు రాస్తే బాకీ తీరదు.

కెనడా ఇన్యూట్ల జాతీయ సంస్థ 2018లో ప్రకటించిన పరిశోధనా విధానం అడిగింది ఇదే: మా నేల గురించిన సమాచారం మీద హక్కు, పరిశోధనను నడిపించడంలో మాట. కడ్డీ ఎక్కడ దించాలన్న దగ్గరే ఆ మాట మొదలవ్వాలి.