రాయని నెల

నెల రోజులుగా ఒక్క వాక్యం కుదరలేదు. ఎవరైనా "ఏం రాస్తున్నారు?" అంటే "లోపల ఏదో ఊరుతోందండీ" అంటున్నాను. జవాబు మర్యాదగానే ఉంది, నిజం మాత్రం కాదేమో. రేపటి పంట చూపించి ఇవాళ్టి బీడుకు అనుమతి అడగడం లాంటిదది. పంట రాకపోతే ఈ నెల దండగైనట్టేనా?

ఆ ప్రశ్నకు నాకో గుడి గుర్తొస్తుంది. రాయవేలూరు కోటలోని జలకంఠేశ్వరాలయం అది, విజయనగర కాలం నాటిది. కల్యాణ మండపం స్తంభాల మీద ముందుకాళ్లెత్తి లేచిన గుర్రాలు, వాటి మీద రౌతులు. రాతిని ఇంతలా ఎలా తొలిచారా అని ఒక్క స్తంభం దగ్గరే పొద్దు పోతుంది. మూలవిరాట్టు లేక, పూజ లేక ఆ గుడి శతాబ్దాల పాటు ఉండిపోయింది. దొరల కాలంలో ఆయుధాల కొట్టుగానూ వాడారు. 1981లో సత్తువాచారి నుంచి లింగాన్ని తెచ్చి ప్రతిష్ఠించారు. ఇప్పుడు దీపం, నైవేద్యం, జనం అన్నీ ఉన్నాయి. అలాగని అన్ని శతాబ్దాలూ గుడి 1981 కోసం "తయారవుతోంది" అని ఎవరైనా అంటారా? దీపం లేని రోజునా ఆ గుర్రాలు అలాగే కాళ్లెత్తి ఉన్నాయి. నా ఖాళీ నెలకు కూడా ఫలానా ప్రయోజనం ఉందని చెప్పుకోవలసిన పని లేదని అక్కడ నిలబడితే అనిపిస్తుంది.

ఇదే మాట గుడియాత్తంలో చేనేత ఇంటి గడప దగ్గర అనడానికి మాత్రం నాకు నోరు రాదు. లుంగీలకు పేరుపడ్డ ఊరది. చిత్తూరు సరిహద్దు దగ్గరే కాబట్టి బజార్లో తెలుగూ తమిళమూ భుజాలు రాసుకుని తిరుగుతాయి. తమిళ నెలలైన ఐప్పసి, కార్తిగైలలో ముసురు పట్టిందంటే చేనేతకు కష్టకాలం. గంజి పెట్టిన పడుగును వీధి పొడవునా సాచి ఆరబెట్టాలంటే ఎండ కావాలి. గుంట మగ్గమైతే కాళ్లు పెట్టుకునే గుంటలోకే చెమ్మ ఊరుతుంది. నేసినదానికే కూలి కాబట్టి నేయని రోజుకు పైసా రాదు. నేను రాయకపోయినా మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, పోతే కాస్త పరువు పోతుంది, అదీ నా దృష్టిలోనే.

రాసేవాళ్లను, బొమ్మలేసేవాళ్లను రాయని నెలకు సంజాయిషీ అడక్కండి. రాసే మనమూ విశ్రాంతి గొప్పదనం గురించి ఊరికి బోధించే ముందు, ముసురు రోజుల కూలి ఎవరిస్తారో అడుగుదాం.