పిక్కల నొప్పి, పరగడుపు మాత్ర

కడప, కర్నూలు వైపు ఎండాకాలంలో పొద్దెక్కితే నడక మాట మరచిపోవాల్సిందే. కేసీ కాలువ గట్టైనా, తుంగభద్ర ఒడ్డైనా తెల్లవారుజామునే వెళ్లాలి. థైరాయిడ్ తక్కువై కాళ్లు పీకేవాళ్లకే ఈ పూట మాటలు.

థైరాయిడ్ హార్మోన్ తగ్గితే కండరానికి శక్తి అందడం మందగిస్తుంది. తొడలు బరువెక్కుతాయి, రాత్రిపూట పిక్కలు పట్టేస్తాయి, పీట మీంచి లేవాలంటే చెయ్యి ఆనించాలి. చాలామంది వయసు మీదికి తోసేస్తారు. ఇంట్లోవాళ్లు బద్ధకమంటారు, అది మరీ అన్యాయం.

లెవోథైరాక్సిన్ మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకీ ఉగ్గానికీ కనీసం అరగంట ఆగాలి. ఆ అరగంటే నడకకు పనికొస్తుంది. క్యాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి.

మొదట్లో 10 నిమిషాల నడక చాలు. వచ్చాక గోడకు రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకంటించి, పిక్క సాగేదాకా ముందుకు వాలండి. 30 సెకన్లు అలాగే ఉండి కాలు మార్చండి. తర్వాత గట్టి కుర్చీలోంచి 8, 10 సార్లు లేచి కూర్చోండి. మర్నాడు కాస్త సలిపితే ఫర్వాలేదు, మెట్లెక్కలేకపోతే తగ్గించండి. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ బాగా ఎక్కువున్నప్పుడు, అంటే థైరాయిడ్ బాగా తగ్గినప్పుడు, పంతానికి పోయి పరుగెత్తితే కండరం ఇంకా దెబ్బతినొచ్చు.

“శెనక్కాయ చెట్లు పీకుతూనే ఉంటాం, ఇంకా వ్యాయామమెందుకు?” అనే అక్కలూ ఉన్నారు. వంగి చేసే పనిలో అలుపుంటుంది గానీ పిక్కకు ఈ సాగుడు దొరకదమ్మా.

ఒకే కాలు వాచి, ఎర్రబడి, పిక్క వేడిగా ఉంటే మాత్రం వ్యాయామం ఆపి, ఆ రోజే డాక్టరుకు చూపించండి.