రుచియు వ్యసనమును

గోదావరిఖనిలో మాయొద్ద చదివిన శిష్యుఁడొకఁడు జర్మనీ దేశమున నుద్యోగము చేయుచున్నాఁడు. అతఁడు సెలవులకు వచ్చినపుడు మాకు రెండు సీసాల బీరు తెచ్చియిచ్చెను. అది బవేరియాలో 1455వ సంవత్సరమున స్థాపింపఁబడిన ఆండెక్స్ అను క్రైస్తవమఠమున తయారైనది.

బొగ్గుగనుల చెంత నివసించువారికి నలుపు క్రొత్త గాదు. అయినను గ్లాసులోని యా ముదురువన్నెను, పైని మీఁగడవంటి నురుగును చూచి ముచ్చటపడితిమి. మొలకెత్తించిన యవలను ఎక్కువ వేఁడిమిలో ఆరఁబెట్టుటవలన ఆ రంగును, కాలిన రొట్టెవాసనయు, బెల్లపుపాకమువంటి తీపియు దాని కబ్బును. నూటికి 7 పాళ్లు మద్యసారము గలదగుటచే మెల్లఁగా త్రాగవలసినదే. నిజము దాఁచనేల? మాకది మిక్కిలి రుచించినది.

మే మట్లు వర్ణించుచుండఁగా మా గృహిణి యడిగినది: “ఏమండీ, మీరు త్రాగితే రుచి అంటున్నారు. మా అన్న బాయి దిగి వచ్చి త్రాగితే వ్యసన మన్నారు. ఆ తేడా సీసాలో ఉన్నదా, మనిషిలో ఉన్నదా?”

మా బావగారు చిరకాలము సింగరేణి గనులలో పనిచేసినవారు. జీతపునాఁటి రాత్రులలో ఆయనకు మేము చెప్పిన నీతులు పెక్కులు. ఆ ప్రశ్నకు మా కప్పుడు సమాధానము తోఁపలేదు.

మొదట ఆ సన్న్యాసులనే యాశ్రయించితిమి. ఆండెక్స్ మఠమువారు అనుసరించు బెనెడిక్టు నియమావళి ఆఱవ శతాబ్దిలో వ్రాయఁబడినది. అందు ద్రాక్షసారాయము దినమునకు ఒక చిన్న కొలత చొప్పున అనుమతింపఁబడెను. శ్రమగాని వేసవితాపముగాని హెచ్చినచో మఠాధిపతి ఆ కొలతను పెంచవచ్చును. మైకమునకు మాత్రము తావీయరాదు. మానఁగలవారికి ప్రత్యేకఫలము గలదనియు చెప్పఁబడినది. శ్రమతాపములే యర్హతయైనచో, నీడను కూర్చుండి పాఠము చెప్పు మాకంటె భూగర్భమున చెమటోడ్చిన బావగారే యర్హులు గదా!

పిమ్మట కౌటిల్యుని తలఁచుకొంటిమి. మద్యము ఊరు దాటిపోకుండ అర్థశాస్త్రము కట్టడిచేసినది. పనివారు పని మఱతురనియు, పెద్దలు మర్యాద దాఁటుదురనియు దాని భయము. ఆయన యుభయులను శంకించెను. మేము పనివానినే శంకించితిమి.

కావున భేదము సీసాలో లేదు. దూరదేశపుసరకు అగుటచేతను, దానిని వర్ణించుటకు మాకు మాటలుండుటచేతను మా పానము సంస్కారము కానేరదు. రుచిని గ్రహించుట దోషము గాదు. నాలుక యున్నంతకాలము రుచి యుండును. దోష మెక్కడ ననఁగా, ఒకరి సుఖమునకు వేఱొకరు వెల చెల్లించుటలో.

సన్న్యాసి కొలతను మఠము నిర్ణయించును. అతని పానమువలన ఆఁకలిగొను భార్యాబిడ్డలు లేరు. గృహస్థునకు మఠాధిపతి యెవరు? 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాను అడ్డుకొన్నపుడు దీనికి బదులు చెప్పిరి. వారు రుచిని చర్చింపలేదు. కూలిడబ్బు ఇల్లు చేరకపోవుటను ప్రశ్నించిరి. ఆ యుద్యమఫలముగా 1993లో సారాయు, 1995లో సమస్తమద్యమును నిషేధింపఁబడెను. 1997లో ఆ సంపూర్ణనిషేధము సడలింపఁబడినది. ప్రభుత్వపుకొలత మాఱుచుండును, ఖర్చును భరించు ఇల్లాలి కొలత మాఱదు.

ఈ తూనికలో బావగారి త్రాగుడు తేలిపోవునని మే మనము. ఆయన బిడ్డలు ఫీజులకై మా యింటికి వచ్చిన దినములు మాకు జ్ఞాపక మున్నవి. కాని అదే తక్కెడలో మా సీసానుగూడ పెట్టవలెను. అది ఊరక వచ్చినది గనుక నేఁటికి దాని వెల ఎవరును చెల్లింపలేదు. రేపు రుచి మరగి కొనఁబూనినచో ఆ రూక లే డబ్బాలోనుండి వచ్చును?

రెండవ సీసా యింకను అలమారులో నున్నది. ఈ మాటలన్నియు గృహిణికి చదివి వినిపించితిమి. ఆమె విని, “ఆదివారం అన్న వస్తున్నాడు. ఇదంతా ముందు ఆయనకు చెప్పండి” అన్నది. చెప్పవలసియున్నది.