నిండు ముంత

ఒక ఆసామికి ఏడు ఊళ్లలో పనులుండేవి. ఒక ఊళ్లో నూర్పిడి, ఇంకో ఊళ్లో దంపుడు, మరో ఊళ్లో నిల్వ. ఊరికీ ఊరికీ మధ్య బళ్లు నడిచేవి. రోజూ పొద్దుగూకే వేళకు ఊరికొక మనిషి వచ్చి, తమ ఊరు క్షేమమని చెప్పి పోయేవాడు. ఏడుగురూ వచ్చారంటే ఆసామి హాయిగా నిద్రపోయేవాడు.

బండివాళ్లకొక కట్టుబాటు ఉండేది. దారిలో ఒక్క బస్తా జారిపడినా మరుసటి తడవ బరువు సగానికి దించేవాళ్లు. ఏదీ పడకపోతే తడవకొక బస్తా చొప్పున పెంచుకుంటూ పోయేవాళ్లు. మంచి పద్ధతే, దారులు కిక్కిరిసిపోకుండా కాపాడేది.

ఆ ఏడాది వానలకు మూడో ఊరి నుంచి ఆరో ఊరికి పోయే దారిలో, వాగు పక్కన, జానెడు గుంట పడింది. బళ్లు ఆగలేదు. ఎప్పుడో ఒక బస్తా మాత్రం జారేది. ముప్ఫై బస్తాల బండి పదిహేనుకు దిగింది. పదహారు, పదిహేడు అయ్యేసరికి ఇంకొకటి జారి, ఎనిమిదికి పడింది. అసలే దూరాభారం, రానుపోను రెండు రోజులు. వారంలో చేరాల్సిన ధాన్యం నెలైనా చేరలేదు. ఆసామి మూడో ఊరివాళ్లను సోమరులన్నాడు, ఆరో ఊళ్లో మేస్త్రీని మార్చాడు. సాయంత్రం వచ్చిన ఏడుగురూ మాత్రం క్షేమమనే చెప్పారు. అందులో అబద్ధమేమీ లేదు.

మజ్జిగమ్మే ముసలమ్మ ఒకతె ఉపాయం చెప్పింది. ప్రతి ఊరి నుంచీ ప్రతి ఊరికీ, అవే బళ్ల మీద, అంచుదాకా నింపిన ముంత రోజూ పంపమంది. ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు చేరింది, ఎంత ఒలికింది రాసిపెట్టమంది. నలభై రెండు ముంతలా అని ఆసామి విసుక్కున్నాడు గాని, పంపాడు. మూడు నుంచి ఆరుకు పోయే ముంత ఒక్కటే రోజూ వెలితిగా చేరింది. తిరుగు బండి వేరే దారిన వచ్చేది, దాని ముంత నిండుగానే ఉంది. రెండు తట్టల మట్టితో గుంట పూడింది.

జెనీవా దగ్గరి సెర్న్ భౌతికశాస్త్ర ప్రయోగాల డేటాను 40కి పైగా దేశాల్లో సుమారు 170 కేంద్రాలు ఒకే గ్రిడ్‌గా పంచుకుని లెక్కగడతాయి. వాటి మధ్య పర్ఫ్‌సోనార్ అనే సాధనం రేయింబవళ్లు పంపే పరీక్ష ప్యాకెట్లే ఆ ముంతలు, డేటా పంపే నియమావళి టీసీపీయే ఆ బండివాళ్ల కట్టుబాటు. అన్ని కంప్యూటర్ల మీదా పచ్చదీపం వెలుగుతోందంటే ఊళ్లు క్షేమమని మాత్రమే అర్థం, దారుల సంగతి అది చెప్పదు. మీ గ్రిడ్ నెమ్మదించినప్పుడు మేస్త్రీని మార్చేముందు ఒకసారి ముంత చూడండి.