ఒకే ఇంట రెండు మతాల పండుగలు

భార్యాభర్తలు వేర్వేరు మతాలకు చెందిన ఇళ్లు భారతదేశంలో చాలా తక్కువ. ప్యూ రిసెర్చ్ సెంటర్ 2019 చివర్లో, 2020 మొదట్లో దాదాపు 30,000 మందిని ప్రశ్నించి 2021లో ఒక సర్వే ప్రచురించింది. పెళ్లయిన హిందువుల్లో 99 శాతం, ముస్లింలలో 98 శాతం, క్రైస్తవుల్లో 95 శాతం జీవిత భాగస్వామి తమ మతంవారేనని అందులో చెప్పారు. పండుగల దగ్గరకు వచ్చేసరికి కట్టుబాటు ఇంత బిగువుగా లేదు. తాము దీపావళి చేసుకుంటామని క్రైస్తవుల్లో 31 శాతం, ముస్లింలలో 20 శాతం అన్నారు. హిందువుల్లో 17 శాతం క్రిస్మస్, 7 శాతం ఈద్ జరుపుకుంటున్నారు. పక్కింటి పండుగకు వెళ్లినవారు పొద్దుపోయేసరికి సొంత ఇంటికి వచ్చేస్తారు. మతాంతర వివాహం చేసుకున్నవారి బిడ్డకు రెండు పండుగలూ సొంత ఇంటివే. అందువల్ల ఇతరులకు ఎదురుకాని ప్రశ్న ఒకటి ఆ బిడ్డకు ఎదురవుతుంది: దీపావళికి దీపం పెట్టి, రంజాన్‌కు రోజా ఉండి, లేదా ఉగాదికి పచ్చడి తిని, ఈస్టర్‌కు చర్చికి వెళ్లే మనిషిది ఏ మతం?

ఈ ప్రశ్నకు రెండు జవాబులు సిద్ధంగా వినిపిస్తాయి. తండ్రి మతమే బిడ్డ మతం అన్నది మొదటిది. అన్ని మతాలూ ఒక్కటే కాబట్టి అసలు ప్రశ్నే లేదన్నది రెండోది. తల్లి విశ్వాసాన్ని మొదటిది లెక్కలోకే తీసుకోదు. రెండోది ఉదారంగా కనిపించినా, ఏ మతమూ తన గురించి తాను చెప్పుకునే మాటను చెవిన పెట్టదు.

మతం వదలకుండా మరో మతస్థుణ్ని పెళ్లాడే వీలు ఈ దేశంలో అంత పాతది కాదు. కేశవచంద్ర సేన్ వర్గపు బ్రహ్మసమాజీయుల కోరికతో వచ్చిన 1872 చట్టం కింద పెళ్లి చేసుకోవాలంటే వధూవరులు తాము హిందూ, ముస్లిం, క్రైస్తవ, పార్సీ, బౌద్ధ, సిక్కు, జైన, యూదు మతాల్లో దేన్నీ అవలంబించడం లేదని ప్రకటించాల్సి వచ్చేది. 1923లో హరిసింగ్ గౌర్ చొరవతో జరిగిన సవరణ హిందూ, బౌద్ధ, సిక్కు, జైనులకు తమలో తాము పెళ్లాడే విషయంలో ఆ షరతు తీసేసింది. ఎవరి మతంలో వారు ఉంటూ ఎవరినైనా పెళ్లాడవచ్చన్న ఏర్పాటు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంతో వచ్చింది. ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న దాని నిబంధన ఇప్పటికీ ఎన్నో జంటలను భయపెడుతోంది. అయినా రెండు మతాల పండుగలు తలెత్తుకుని జరుపుకునే ఇంటికి పునాది ఆ చట్టమే. పుట్టబోయే పిల్లలు ఏ మతంలో పెరగాలన్న దాని మీద ఆ చట్టం ఏమీ చెప్పలేదు. అలా చెప్పకపోవడమే మంచిదైంది.

ఇలాంటి ఇంట్లో బిడ్డకు మొదట తెలిసేది సిద్ధాంతం కాదు, కాలం. గోడ మీద ఒకే క్యాలెండర్ ఉన్నా ఆ ఇల్లు మూడు రకాల లెక్కలతో నడుస్తుంది. క్రిస్మస్ కదలదు. సంక్రాంతి సూర్యుడి మకర సంక్రమణాన్ని బట్టి వస్తుంది కాబట్టి జనవరి 14, 15 తేదీలను దాదాపు దాటదు. ఉగాది, దీపావళి చంద్రుణ్ని అనుసరిస్తాయి. అయితే పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులే కాబట్టి సుమారు రెండున్నరేళ్లు దాటాక ఒక అధిక మాసం చేర్చి వాటిని రుతువుకు కట్టేస్తారు. మాసాలను అలా జరపడాన్ని ఖురాన్ నిషేధించింది. అందుకే రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు వస్తూ, దాదాపు 33 ఏళ్లలో అన్ని రుతువులనూ చుట్టివస్తుంది. మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటిన ఆదివారం ఈస్టర్. అంటే అందులో సూర్యుడు, చంద్రుడు, వారం ముగ్గురూ ఉన్నారు.

ఈ లెక్కలు కొన్నేళ్లు దూరంగా ఉండి, కొన్నేళ్లు ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలుస్తాయి. 2023లో ఉగాది మార్చి 22న వస్తే ఇక్కడ రంజాన్ ఉపవాసాలు మార్చి 24న మొదలయ్యాయి. ఆ ఏడాది అధిక శ్రావణం వచ్చి హిందూ లెక్కను ఒక నెల వెనక్కి నెట్టింది. దాంతో 2024లో ఉగాది ఏప్రిల్ 9న, ఈద్ ఏప్రిల్ 11న వచ్చాయి. 2025లో ఉగాది మార్చి 30 ఆదివారం, ఈద్ మార్చి 31 సోమవారం. చైత్ర శుద్ధ పాడ్యమికి, షవ్వాల్ నెలవంకకు మూలం ఒకే అమావాస్య కాబట్టి ఇది సాధ్యమైంది. ఒకరోజు వేపపువ్వు పచ్చడి, మరునాడు షీర్ ఖుర్మా. ఉగాది నాడు ఇంట్లో ఒకరు రోజా ఉంటే వారి పచ్చడి ఇఫ్తార్ దాకా ఆగాల్సిందే. రెండు మతాలు ఒకే చంద్రుణ్ని చూసి రెండు రకాలుగా లెక్క కడతాయని ఆ ఇంటి బిడ్డకు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పక్కర్లేదు.

అసలు చిక్కు తేదీల దగ్గర రాదు, వంటగదిలో వస్తుంది. తల్లి హిందువు, తండ్రి ప్రొటెస్టెంట్ క్రైస్తవుడు అయిన తెలుగు ఇంట్లో ఉగాది ఉదయం ఎలా ఉంటుందో చూస్తే ఇది తెలుస్తుంది. కొత్త చింతపండు పులుసు, కొత్త బెల్లం, మామిడి ముక్కలు, వేపపువ్వు, ఉప్పు, కారం ఒక గిన్నెలో కలుపుతారు. ఆ గిన్నె దేవుడి ముందు పెట్టి నైవేద్యం చెప్పాక అందులోనిది ప్రసాదం. తెలుగు క్రైస్తవుల్లో చాలామంది ప్రసాదం పుచ్చుకోరు. అందుకని కొన్ని ఇళ్లలో నైవేద్యానికి ముందే కొంత పచ్చడి వేరే గిన్నెలోకి తీసి పక్కన ఉంచుతారు. రుచిలో తేడా లేదు, దినుసుల్లో తేడా లేదు. తేడా అంతా ఒక సంకల్పంలో ఉంది. పైకి చాదస్తంగా కనిపించే ఆ రెండో గిన్నెలో ఎదుటివారి మనస్సాక్షి మీద నిజమైన గౌరవం ఉంది.

ఈ సమస్య క్రైస్తవానికి పుట్టుకతోనే వచ్చింది. విగ్రహాలకు అర్పించినవి తినవచ్చా అని కొరింథు సంఘంలో తలెత్తిన ప్రశ్నకు పౌలు తన మొదటి పత్రికలో విడమరిచి జవాబు రాశాడు. విగ్రహానికి సొంత సత్తా లేదు గనుక తిండి తిండే అన్నాడు. అయినా తన భోజనం వల్ల మరొకరి మనస్సాక్షి దెబ్బతింటుందంటే మానుకోవాలన్నాడు. ఇది అర్పించినదని ఎవరైనా చెబితే, చెప్పినవారి కోసం తినవద్దన్నాడు. కుటుంబంలో అందరూ సగం సగం సరిపెట్టుకోవాలని సలహా ఇచ్చే పెద్దల కంటే పౌలు ఈ చిక్కును లోతుగా చూశాడు. తినడం తప్పా ఒప్పా అన్న ప్రశ్నతో ఆగకుండా, పక్కన కూర్చున్నవారికి అది ఏమవుతుందని అడిగాడు.

హిందూ పక్షం నుంచి చూస్తే ఇదంతా అనవసరమైన పట్టుదలలా అనిపిస్తుంది. అందుకు కారణం ఉంది. పూర్వమీమాంస అనే హిందూ దర్శనంలో కర్మకు ప్రాధాన్యం. విధించిన పనిని విధించిన వేళకు చేయడం ముఖ్యం, చేసేవాడు దేవుడి గురించి ఏం నమ్ముతున్నాడన్నది ఆ తర్వాతి మాట. యజ్ఞం ఫలించడానికి ఈశ్వరుడు అవసరమని కూడా మీమాంసకులు అనుకోలేదు. పండుగలూ అలా ఒక వేళను బట్టి చేసే కర్మలే. ఆ పద్ధతిలో పెరిగిన మనిషికి చర్చిలో కొవ్వొత్తి వెలిగించడం తన మతానికి చేర్పే గానీ లోటు కాదు. ఇస్లాంలో కలిమా చదవడం, క్రైస్తవంలో విశ్వాస ప్రమాణం చెప్పడం, రెండూ ఒకదాన్ని ఒప్పుకుని మరోదాన్ని కాదనే మాటలు. అల్లా తప్ప వేరే దేవుడు లేడన్న వాక్యం మొదలయ్యేదే నిరాకరణతో. వాటిని మనసారా పలికినవారికి హారతి కళ్లకద్దుకోవడం చిన్న విషయం కాదు.

అందువల్ల నువ్వు నా దసరాకు రా, నేను నీ క్రిస్మస్‌కు వస్తానన్నది సమానమైన ఒప్పందంలా కనబడుతుందే గానీ సమానం కాదు. ఒకరికి ఖర్చు లేని పని మరొకరికి ప్రాణసంకటం కావచ్చు. బరువు ఎప్పుడూ ఒకే వైపు ఉంటుందనీ కాదు. షీర్ ఖుర్మా ఏ దేవుడికీ నివేదించింది కాదు కాబట్టి హిందువు దాన్ని సంకోచం లేకుండా తాగుతాడు. బక్రీద్ వచ్చేసరికి తరతరాలుగా శాకాహారమే తెలిసిన కుటుంబం నుంచి వచ్చిన మనిషికి, మాంసాన్ని ఇంటికి, బంధువులకు, పేదలకు మూడు వాటాలు వేస్తున్న వంటగదిలో నిలబడడమే కష్టమవుతుంది. ఏ పండుగ ఎవరికి ఎంత బరువో అడిగి తెలుసుకోకుండా పండుగల సంఖ్యను సగం సగం పంచడం న్యాయం కాదు.

తెలుగు నేలకు ఈ కలయిక కొత్తది కాదు. దేవుని కడపలో ఉగాది నాడు ముస్లింలు లక్ష్మీవేంకటేశ్వరుణ్ని దర్శించుకుంటారు. బీబీ నాంచారి తమ ఆడపడుచు అనీ, ఆమెను చేసుకున్న వేంకటేశ్వరుడు తమ అల్లుడనీ వారి భావన. తమిళనాట శ్రీరంగంలోనూ దేవుణ్ని వరించిన ముస్లిం కన్యగా కొలిచే తులుక్క నాచ్చియార్‌కు సన్నిధి ఉంది, అక్కడ రొట్టె నివేదిస్తారు. మతాంతర వివాహాన్ని భక్తి సంప్రదాయం దేవుడి ఇంట్లోనే జరిపించిందన్నమాట. తెలంగాణ పల్లెల్లో పీర్లను ఎత్తుకుని అలావా అనే నిప్పుల గుండం చుట్టూ ఆడేవారిలో హిందువులే ఎక్కువగా ఉండే ఊళ్లు ఎన్నో. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో పెళ్లి రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె అంటూ మార్చుకునేవారిని ఏ మతమని ఎవరూ అడగరు. ఈ ఆచారాల మీద రెండు వైపుల శుద్ధివాదులకూ కోపం ఉంది. అయినా వీటిని మతాంతర కుటుంబాలకు పూర్తి ఆదర్శంగా చూపడం పొరపాటు. పీర్ల పండుగలో మొక్కు తీర్చుకున్న రైతుకు తన కులం, తన దేవుడు, తన పెళ్లి సంబంధాలు ఎక్కడివక్కడే ఉంటాయి. రెండు మతాల బిడ్డకు ఆ స్థిమితం లేదు.

అలాంటి బిడ్డ ఎంత దూరం ఆలోచించగలడో రైమోన్ పణిక్కర్ జీవితం చూపుతుంది. ఆయన 1918లో బార్సిలోనాలో పుట్టాడు. తండ్రి మలబారు నుంచి వెళ్లిన హిందువు, తల్లి కటలాన్ క్యాథలిక్. క్యాథలిక్ గురువుగా అభిషేకం పొంది, భారతదేశానికి వచ్చి వేదాంతం చదివాడు. బ్రహ్మసూత్రాలనూ థామస్ అక్వినాస్‌నూ పక్కపక్కన పెట్టి పరిశీలించాడు. 1964లో వచ్చిన 'ది అన్‌నోన్ క్రైస్ట్ ఆఫ్ హిందూయిజం' ఆ చదువు ఫలితం. తాను సగం హిందువు, సగం క్రైస్తవుణ్ని కాననీ, పూర్తిగా రెండూననీ 2010లో చనిపోయేదాకా ఆయన నిలబడ్డాడు. మతాల మధ్య సంభాషణ ఇద్దరు పండితుల మధ్య కాక ముందు ఒక మనిషి లోపల జరగాలని వాదించాడు. ఆయన తేడాలను చెరిపేయలేదు. రెండు సంప్రదాయాలనూ వాటి మూల భాషల్లో, వాటి నియమాలతో నేర్చుకున్నాడు. అందరికీ అంత చదువు అబ్బకపోవచ్చు గానీ, దారి మాత్రం అదే.

ఆ దారి పిల్లల పెంపకంలో చిన్న పనులుగా కనిపిస్తుంది. మొదటి రోజా ఉన్న బిడ్డకు హైదరాబాద్ ఇళ్లలో రోజా కుషాయి చేసి పూలదండ వేస్తారు. ఆకలిని ఎందుకు ఓర్చుకోవాలో, ఫిత్రా దానం ఎవరికి వెళ్తుందో కూడా ఆ రోజే చెబితే బిడ్డకు దక్కేది పండుగ, లేకపోతే దక్కేది దండ మాత్రమే. మంచి శుక్రవారం విషాదం చెప్పకుండా ఈస్టర్ జరపడం, నరకాసురుడి కథ చెప్పకుండా టపాసులు కొనివ్వడం కూడా అలాంటివే. గొడవ వద్దని రెండు మతాల పండుగల్లోంచీ అర్థం తీసేసి, కొత్త బట్టలు, మిఠాయిలు మాత్రం మిగిల్చిన ఇంట్లో పిల్లలకు రెండు మతాల్లో ఒక్కటీ అందదు. ఈ రెండూ ఈ విషయంలో కలవవు, మీ నాన్న ఇది నమ్ముతాడు, అమ్మ అది నమ్ముతుంది అని చెప్పగలిగిన ఇంట్లో ఆలోచించడం నేర్చుకుంటారు. పెద్దయ్యాక ఒకదాన్ని ఎంచుకున్నా, రెండూ ఉంచుకున్నా, రెండూ వదిలినా ఆ నిర్ణయం వారిదవుతుంది.

పండుగలు రెండు ఉండవచ్చు గానీ సంస్కారాలు అన్నీ రెండు ఉండలేవు. క్యాథలిక్ చర్చి ఒకప్పుడు దంపతులిద్దరి నుంచీ పిల్లలకు బాప్తిస్మం ఇప్పిస్తామన్న మాట తీసుకునేది. 1970లో పోప్ ఆరవ పాల్ ఆ నియమాన్ని సడలించాక, క్యాథలిక్ భాగస్వామి మాత్రం తన శక్తిమేరకు ప్రయత్నిస్తానని చెబితే చాలు. పార్సీల విషయంలో బొంబాయి హైకోర్టు 1908లో ఇచ్చిన తీర్పు, పార్సీ తండ్రి పిల్లలకు సమాజంలో చోటు ఒప్పుకుంది. ఆర్.డి. టాటా ఫ్రెంచ్ భార్య సుజాన్ జొరాస్ట్రియన్ మతంలో చేరిన నేపథ్యంలో వచ్చిన దావా అది. వారి కొడుకే జె.ఆర్.డి. టాటా. పార్సీ తల్లి పిల్లలకు ఆ చోటు దొరకలేదు. హిందువును ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లాడిన ఒక పార్సీ మహిళ, తల్లిదండ్రులు పోయినప్పుడు ప్రార్థనల్లో పాల్గొనే హక్కు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2012లో గుజరాత్ హైకోర్టు ఆమెకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. 2017 డిసెంబరులో రాజ్యాంగ ధర్మాసనం ముందు వల్సాడ్ పార్సీ ట్రస్టు అనుమతికి ఒప్పుకుంది.

చావు దగ్గర వాయిదాకు తావు లేదు. దహనమా ఖననమా, చితికి నిప్పు ఎవరు పెట్టాలి, జనాజా నమాజు జరగాలా, ఏ సమాధుల తోటలో చోటు దొరుకుతుంది అన్నవి కొన్ని గంటల్లో తేలాలి. రెండు వైపుల బంధువులూ గుమ్మంలోనే ఉంటారు. ఏళ్ల తరబడి పండుగలను సర్దుకున్న ఇళ్లు సైతం ఆ గంటల్లో విడిపోతాయి, భారమంతా పిల్లల మీద పడుతుంది. ఇలాంటి ఇళ్లలోని తల్లిదండ్రులు తమ అంత్యక్రియలు ఎలా జరగాలో ఆరోగ్యంగా ఉన్నప్పుడే కాగితం మీద రాసి, రెండు కుటుంబాలకూ చెప్పి ఉంచాలి.